గుత్త కాగితంలో ప్రాణానికీ లెక్క ఉండాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో బేల్దారి పని, సెంట్రింగ్, టైల్స్ పని చేసుకుని బతికే ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. కొన్నేళ్లు కూలీగా చేసినవాడు మేస్త్రీ అవుతాడు. నలుగురిని వెంటబెట్టుకుని ఇళ్లు గుత్తకు పడతాడు. సంతోషించదగిన విషయమే. చెమటోడ్చి తెచ్చిన రొట్టెకు మించిన హలాల్ సంపాదన ఏముంది? అయితే గుత్త ఒప్పుకున్న రోజున చదరపు అడుగుకు ఎంత, సిమెంటు ఎవరిది, ఇనుము ఎవరిది అని లెక్క వేసే మేస్త్రీ, పరంజా మీది నుంచి మనిషి పడితే భారం ఎవరిది అన్న లెక్క మాత్రం వేయడు. ఇంటి యజమానీ అడగడు.

ఆ లెక్క చట్టం ఎప్పుడో వేసింది. పనిలో గాయపడినా, చనిపోయినా పరిహారం ఇవ్వవలసింది పనిలో పెట్టుకున్నవాడేనని 1923 నాటి చట్టం చెప్పింది. ఆ నియమమే 2020 సామాజిక భద్రతా కోడ్‌లో చేరి, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కూలీ వయసును, వేతనాన్ని బట్టి లెక్కగట్టే ఈ పరిహారం లక్షల్లో ఉంటుంది. కూలీలను పెట్టుకున్న గుత్త మేస్త్రీయే ఇక్కడ యజమాని. నిన్నటిదాకా తానూ కూలీనేనంటే చట్టం వినదు.

ముప్పు కూలీలకే కాదు. 2021 నవంబరు వానలకు, పులివెందులకు పొరుగున ఉన్న కదిరిలో నిర్మాణంలో ఉన్న భవనం కూలి పక్క ఇంటిమీద పడింది. పసిపిల్లలతో సహా పలువురు చనిపోయారు. అలాంటి ఆపదలో పక్కింటివారికి జవాబు చెప్పుకోగల స్తోమత మన మేస్త్రీలలో ఎందరికి ఉంది?

ఇందుకు బీమా లేకపోలేదు. ప్రభుత్వ రంగ కంపెనీలు కూడా కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ అనే పాలసీ ఇస్తాయి. కడుతున్న ఇల్లు వరదకో, అగ్నికో దెబ్బతింటే ఆ నష్టానికి, పక్కవారికి జరిగే హానికి అది వర్తిస్తుంది. సొంత కూలీలకు వర్తించదు. వారికోసం వేరే పాలసీ తీసుకోవాలి. ఈ తేడా తెలియక ఒకటి తీసుకుని నిశ్చింతగా ఉంటే ప్రమాదమే.

ఇక్కడ మనవారికి ఒక సందేహం వస్తుంది. బీమా హలాలా, హరామా? సందేహం న్యాయమైనదే. 1985లో జిద్దాలోని ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ, వ్యాపార బీమాలో అనిశ్చితి (గరర్) ఉన్నందున అది షరీఅత్‌కు విరుద్ధమని తీర్మానించింది. అదే తీర్మానంలో, అందరూ చందా వేసుకుని ఆపదలో ఉన్నవారిని ఆదుకునే సహకార బీమాను సమ్మతించింది. సూడాన్‌లో 1979లో, మలేషియాలో 1984 చట్టంతో తకాఫుల్ పేరిట ఇది నడిచింది. మన దేశంలో అలాంటి కంపెనీ లేదు. కాబట్టి అవసరాన్ని బట్టి వెసులుబాటు ఉందనే ఉలమాలు ఉన్నారు, లేదనేవారూ ఉన్నారు. ఎవరి ముఫ్తీని వారు అడిగి తెలుసుకోవాలి.

అయితే ఉలమాల మధ్య భేదాన్ని సాకుగా చూపి చేతులు దులుపుకోవడం తగదు. పొరపాటున ప్రాణం పోయినా వారసులకు దియత్ చెల్లించాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. ఆ భారం ఒక్కడిమీదే పడకుండా అతని బంధువర్గం పంచుకునే పద్ధతి ఉంది. ఫిఖహ్‌లో దానిని ఆఖిలా అంటారు. నష్టాన్ని పదిమందీ పంచుకోవడం మనకు కొత్తది కాదన్న మాట. మరి ఈనాడు జరుగుతున్నదేమిటి? కూలీ చనిపోతే జుమా నమాజ్ తర్వాత మసీదు ముందు రుమాలు పరుస్తారు. నాలుగు వేలో, ఐదు వేలో పోగవుతాయి. ఇద్దత్‌లో ఉన్న వితంతువుకు హక్కుగా అందవలసింది ఖైరాత్‌గా అందుతోంది. దీనిని తవక్కుల్ అనలేము.

బండికి బీమా లేకపోతే చలానా పడుతుందని వెళ్లి కడతాం. పరంజా ఎక్కే మనిషికి అంత విలువ కూడా లేదా?

భేదాభిప్రాయానికి తావులేని పనులు ఎన్నో ఉన్నాయి. 1996 చట్టంతో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు నిధి నిర్మాణాల మీద వేసే సెస్సు నుంచి వస్తుంది. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు కార్మికులు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. మేస్త్రీలు తమ కూలీలను దగ్గరుండి నమోదు చేయించాలి. మూడు ఊళ్ల మేస్త్రీలూ సంఘంగా ఏర్పడి, స్లాబు వేసిన ప్రతిసారీ కొంత సొమ్ము సంఘం పేరిట బ్యాంకులో వేసుకోవాలి. ఆపదలో ఇచ్చే సాయానికి రాతపూర్వకమైన నిబంధన ఉండాలి.

ఇల్లు కట్టించుకునే సోదరులకూ ఒక మాట. చదరపు అడుగుకు పది రూపాయలు తగ్గించమని బేరమాడేటప్పుడు, ఆ పది రూపాయలు ఎవరి భద్రత నుంచి తగ్గుతున్నాయో ఆలోచించండి. బీమా ఖర్చో, సంఘం చందాయో గుత్త కాగితంలోనే రాయించండి. అప్పును రాసి పెట్టుకోమన్న ధర్మం మనది. కూలీ ప్రాణం విషయంలో మన బాధ్యత కూడా అప్పే.