ప్రహ్లాదునికి కొత్త వేషం అక్కరలేదు

పాత సంగీత నాటకాలను నేటి జీవితానికి దగ్గర చేయాలంటే వేషాలు మార్చాలని ఐరోపాలో ఒక వాదం ఉంది. 1976లో బైరాయిట్‌లో పాట్రిస్ షెరో, వాగ్నర్ దేవతలను పారిశ్రామిక యుగపు ధనికులుగా చూపించగా సభలో పెద్ద గోల జరిగింది. నాకు మాత్రం 1983లో టొరాంటోలో జరిగిన చిన్న మార్పే గొప్పదనిపిస్తుంది. జర్మన్ నాటకం 'ఎలెక్ట్రా' ఆడుతుండగా రంగస్థలం పైన పాటల అర్థాన్ని ఆంగ్లంలో చూపించారు.

మన తంజావూరు సీమలోని మేలట్టూరులో నృసింహ జయంతికి ఆడే వేంకటరామశాస్త్రి 'ప్రహ్లాద చరిత్రము' తెలుగు నాటకం. చూసేవారిలో అత్యధికులు తమిళులు. హిరణ్యకశిపునికి కోటు తొడగనేల? తాను చెప్పినదే చదువనే తండ్రి, వేరొకటి నమ్మిన కొడుకు: ఇది ఏ ఇంట లేదు? (ఈ కథలో చండామార్కుల ప్రస్తావన వచ్చినప్పుడు ఉపాధ్యాయులమైన మేము కొంత తల దించుకోవలసినదే.)

కొరత కథలో లేదు, మాట అందడంలో ఉంది. పక్కన ఒక చిన్న తెర నిలిపి, పాటను తమిళ లిపిలోనూ, అర్థాన్ని తమిళంలోనూ చూపాలి. స్వామి ఎదుట తెర ఏమిటనే పెద్దలకు అది అడ్డు రాదని చూపవచ్చు. ఆ అనువాదం మాత్రం ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివే మన పిల్లలచేతనే చేయించాలి. వారిలో అనేకులకు తెలుగు మాట వచ్చును, లిపి రాదు. మూలం చదవడానికైనా లిపి నేర్వక తప్పదు. వాచకంలోని పాఠానికి లేని అవసరం ఈ పనికి ఉంది: జయంతి నాటికి తెర సిద్ధం కావాలి.