తెరపై పోయే సాక్ష్యం

ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చినవారు రెండో ప్రతిపై ముద్ర వేయించుకోనిదే గడప దాటేవారు కారు. ఏళ్ల తరబడి ఆ ముద్ర వేసిన మాకు దాని విలువ తెలుసు. ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ఉన్న ఆ కాగితం చేతిలో ఉంటే, దరఖాస్తు అందలేదని ఏ అధికారీ అనడానికి వీలుండేది కాదు.

ఇప్పుడు ఉపకార వేతనం, ఆదాయ ధ్రువపత్రం, ఓటరు నమోదు వంటివన్నీ కంప్యూటర్‌కు ఎక్కాయి. ముద్ర వేసే గుమాస్తా ఎదురుగా లేడు. ఆ లోటును కొంతవరకు తీర్చగలిగేది స్క్రీన్‌షాట్, తెలుగులో తెరపట్టు. తెరపై ఆ క్షణాన కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు బొమ్మగా దాచుకోవడమే దాని అర్థం.

ఇటీవల చౌటుప్పల్‌లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చింది. ఉపకార వేతనానికి గడువు చివరి రోజున దరఖాస్తు చేస్తుండగా సైటు మధ్యలోనే నిలిచిపోయిందట. ఆధారం ఏమైనా ఉందా అని అడిగాము. "రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను చాచా, కానీ చూపించడానికి ఏమీ లేదు" అన్నది. తెరపై వచ్చిన ఆ సందేశాన్ని పట్టి ఉంచితే, మా విన్నపానికి జతపరచడానికి ఒక్క కాగితమైనా ఉండేది.

పని కష్టమైనది కాదు. విండోస్ కంప్యూటర్‌లో విండోస్ మీటతో పాటు ప్రింట్ స్క్రీన్ మీట నొక్కితే బొమ్మ దానంతటదే భద్రమవుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను, శబ్దం తగ్గించే బటన్‌ను ఒకేసారి నొక్కాలి. దరఖాస్తు సంఖ్య, తేదీ, సమయం, సైటు చిరునామా అందులో కనిపించాలి. మీసేవ కేంద్రంలో పని చేయించుకున్నా రసీదు అడిగి తీసుకోవాలి.

అయితే తెరపట్టును మార్చడం కూడా తేలికే. అందుకే న్యాయస్థానం దాన్ని చూసిన వెంటనే నమ్మదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం కోరుతున్నది. కనుక వివాదం ఉన్నప్పుడు బొమ్మను కత్తిరించరాదు. అసలు సందేశాన్ని, అది వచ్చిన ఫోన్‌ను భద్రంగా ఉంచాలి. ఇతరులకు పంపే ప్రతిలో మాత్రం ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలను కప్పివేయాలి.

న్యాయస్థానానికి ఉన్న ఆ అనుమానం మనకూ ఉండాలి. ఎవరో అనని మాటను అన్నట్టు చూపే తెరపట్టు వాట్సాప్‌లో వచ్చినప్పుడు, విచారించకుండా ముందుకు పంపిన మన పిల్లవాడే రేపు పోలీసు స్టేషన్ మెట్లెక్కవలసి రావచ్చు.

మసీదు కమిటీలకు మా మనవి ఒక్కటే. జుమా నమాజు తరువాత ఒక గంట కేటాయించి, చదువుకున్న యువకుల చేత పెద్దలకు ఈ పని నేర్పించండి. ఇంట్లో అమ్మాయిలు తల్లులకు నేర్పాలి. హక్కు ఉన్నంత మాత్రాన చాలదు. దాన్ని అడిగామని చూపగలిగే ఆధారమూ మన చేతిలో ఉండాలి.