ఐరన్ వేడెక్కే ముందు చెవి పెట్టండి

చేతిలో పట్టే గేమింగ్ మెషీన్‌ను ఇంట్లోనే తయారుచేసుకునే పిల్లలు మన ఊళ్లలో కూడా బాగానే కనిపిస్తున్నారు. ఒక రాస్ప్‌బెర్రీ పై జీరో బోర్డు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద తెర, లిథియం బ్యాటరీ, పాత గేమ్‌లను నడిపే రెట్రోపై ఎక్కించిన మెమరీ కార్డు. పైన పాత గేమ్ బాయ్ డబ్బా, దొరక్కపోతే త్రీడీ ప్రింటర్‌లో తీయించిన డబ్బా. తెర వెలుగుతుంది, బటన్లు పనిచేస్తాయి, మారియో గెంతుతాడు. వెంటనే వీడియో తీసి స్నేహితులందరికీ పంపేస్తారు. ఆ వీడియోలను ఒకసారి సౌండ్ పెంచి చూడండి. చాలావాటిలో మారియో పాటను మింగేస్తూ జుయ్‌మని ఒక మోత వినిపిస్తుంది. కొన్నిటిలో అసలు సౌండే ఉండదు, పైన వేరే సినిమా పాట అంటించి ఉంటుంది.

సౌండ్ బాగాలేనప్పుడు ముందుగా తిట్లు తినేది యాంప్లిఫైయర్. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఇంకోటి తెచ్చి అతికిస్తారు. వంద రూపాయలు కూడా చెయ్యని బోర్డు కాబట్టి జేబుకు నొప్పి తెలియదు. కొత్తది కూడా అదే మోత మోగుతుంది. తర్వాత స్పీకర్ వంతు, ఆ తర్వాత వైర్ల వంతు. ఈ వరస చూసీ చూసీ నాకు కలిగిన అభిప్రాయం ఇది: ఈ మెషీన్లలో సౌండ్ తగాదా చాలామటుకు సౌండ్ భాగంలో ఉండదు. కరెంటు వచ్చే దారిలోనో, తిరిగి వెళ్లే దారిలోనో ఉంటుంది. స్పీకర్ చేసే పాపమల్లా దాన్ని మనకు వినిపించడమే.

అసలు ఈ బోర్డుకు సౌండ్ ఎక్కడినుంచి వస్తుందో చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. పై జీరో 2015 నవంబరులో 5 డాలర్లకు వచ్చింది. ఆ ధరకు, ఆ సైజుకు కుదించడానికి హెడ్‌ఫోన్ జాక్ తీసేశారు. 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యూలోనూ లేదు. ఆఖరికి పెద్ద బోర్డు పై 5 నుంచి కూడా దాన్ని ఎత్తేశారు. జీరోలో సౌండ్ మామూలుగా బయటికొచ్చేది హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే. చేతి మెషీన్‌లో ఆ కేబుల్ ఉండదు కనుక జీపీఐఓ పిన్నుల నుంచి లాగుతారు. సాధారణంగా 18వ నంబరు ఒక చెవికి, 13వ నంబరు రెండో చెవికి.

ఆ పిన్నుకు తెలిసింది రెండే రెండు స్థితులు: 3.3 వోల్టులు లేదా సున్నా. మధ్యలో ఏమీ లేదు. అందుకని అతివేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ, ఎంతసేపు ఆన్‌లో ఉంచాలన్నది మార్చుకుంటూ పోయి సౌండ్ వేవ్‌ను పుట్టిస్తారు. పీడబ్ల్యూఎం అనేది దీన్నే. ఆ వేగపు దడదడను వడకట్టి సంగీతాన్ని మాత్రమే వదలడానికి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కావాలి. 270 ఓమ్‌లు, 33 నానోఫారడ్‌లు వేస్తే ఆ జంట లెక్క ప్రకారం 18 కిలోహెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. కుర్రవాళ్ల చెవికి కూడా పైహద్దు 20 కిలోహెర్ట్జ్ కాబట్టి పాటకు నష్టమేమీ లేదు. రెండు చిన్న పార్టులేగా అని వదిలేసి పిన్నును నేరుగా యాంప్‌కు కలిపేవాళ్లు ఉన్నారు. పాట వస్తుంది. దాంతోపాటు వడకట్టనిదంతా వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ 3.3 వోల్టులు సౌండ్ కోసం ప్రత్యేకంగా తెచ్చిపెట్టినవి కావు. ప్రాసెసర్, మెమరీ కార్డు పంచుకునే సప్లయే అది. ఆ సప్లయ్‌లో చిన్న వణుకు పుట్టినా పిన్ను ఎత్తు వణుకుతుంది, సౌండ్ కూడా వణుకుతుంది.

ఈ మధ్య మా అక్క కొడుకు తన మెషీన్ తెచ్చి బల్లమీద పెట్టాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

"మామయ్యా, యాంప్ పోయింది. మార్చినది కూడా పోయింది."

"పోయినది మోగుతుందట్రా? గేమ్ ఆపెయ్. మెనూలో ఉంచి ఊరికే విను."

స్పీకర్‌కు చెవి ఆనించాం. సన్నగా జుయ్‌మంటోంది. మెనూలో కిందికి జరిపితే, జరిపినప్పుడల్లా చిర్రుమంటోంది. తెర వెలుతురు తగ్గిస్తే జుయ్‌మనే స్థాయి మారింది. ఇక్కడే రెండు సంగతులు తేలిపోయాయి: మోత ప్రాసెసర్ పనితో కదులుతోంది, తెర లైటుతోనూ కదులుతోంది. పోయిన యాంప్‌కు ప్రాసెసర్ ఏం చేస్తోందో ఎలా తెలుస్తుంది?

తర్వాత వాల్యూమ్ చక్రం పూర్తిగా కిందికి తిప్పాం. పాట ఆగింది, మోత ఆగలేదు. అంటే మోత చక్రం దాటాక ఎక్కుతోంది. యాంప్ ఇన్‌పుట్ వైరును బోర్డు నుంచి తీసేసి యాంప్ గ్రౌండ్‌కే కలిపాం. ఇప్పుడు యాంప్‌కు వినడానికి ఏమీ లేదు, అయినా మోగుతోంది. ఆఖరుకి యాంప్‌ను మెషీన్ నుంచి పూర్తిగా విడదీసి మూడు పెన్సిల్ సెల్స్ మీద నడిపాం. ఇలాంటి వాటిలో ఎక్కువగా వాడే పీఏఎం8403 చిప్ 2.5 వోల్టుల నుంచి 5.5 వోల్టుల దాకా నడుస్తుంది, సెల్స్ ఇచ్చే 4.5 దానికి చాలు. నిశ్శబ్దం. వాడు "పోయింది" అన్న యాంప్ అది.

ఇంతవరకూ సోల్డరింగ్ ఐరన్ ప్లగ్‌లో పెట్టనేలేదు. వెనకటి రేడియో మెకానిక్‌లు ఇలాగే చేసేవారు. వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుకు స్క్రూడ్రైవర్ మొన తాకించి వినేవారు. బుర్రుమంటే అక్కడినుంచి స్పీకర్ దాకా బాగున్నట్టు, రోగం వెనక ఉన్నట్టు. అనకపోతే ముందుకు వెతికేవారు. ఆసిలోస్కోప్ లేకుండా సగానికి సగం కోసుకుంటూ పోయే ఈ పద్ధతిని మన కాలేజీ ల్యాబ్‌లలో ఎందుకు నేర్పరో నాకు అంతుపట్టదు.

వాడి డబ్బా విప్పితే దొంగ కనబడ్డాడు. వెంట్రుకంత నల్లవైరు ఒకటి బ్యాటరీ బోర్డు నుంచి తెరకు, తెర నుంచి పై జీరోకు, అక్కడినుంచి యాంప్‌కు గొలుసుగా వెళ్తోంది. తెర లైటు తాగే కరెంటు, ప్రాసెసర్ తాగే కరెంటు, అన్నీ తిరిగి వెళ్లేది ఆ ఒక్క వైరులోంచే. ఎంత పొట్టి వైరుకైనా ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. టంకం పొడిబారిన జాయింటుతో కలిపి 0.1 ఓమ్ ఉందనుకోండి, 300 మిల్లీఆంపియర్లు పారితే 30 మిల్లీవోల్టులు పుడతాయి. యాంప్ తన గ్రౌండ్‌ను సున్నా అనుకుంటుంది. అది సున్నా కాదు, తెరతోపాటు పైకీ కిందికీ ఊగుతున్న 30 మిల్లీవోల్టులు. యాంప్ దాన్నీ పాటలో భాగమే అనుకుని పెంచి వినిపిస్తుంది. పక్కింట్లో బోరు మోటారు వేస్తే మనింట్లో బల్బు మసకబారడం లాంటిదే ఇది; అక్కడ కూడా తప్పు బల్బుది కాదు.

మందు కూడా అక్కడే ఉంది. బ్యాటరీ బోర్డు 5 వోల్టుల అవుట్‌పుట్ దగ్గర ఒక్క చోటును పుట్టిల్లుగా పెట్టుకుని, అక్కడినుంచి తెరకు ఒకటి, పై జీరోకు ఒకటి, యాంప్‌కు ఒకటి, విడివిడిగా ఎర్రవైరూ నల్లవైరూ లాగాలి. కాస్త లావు వైరు వాడాలి. యాంప్ కరెంటు కాళ్లకు ఆనించి 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి, ప్లస్ మైనస్ చూసుకుని వెయ్యాలి. సౌండ్ వైరును తెర వైర్ల పక్కన కట్టగట్టకూడదు. వాడు ఒక సాయంత్రం కూర్చుని ఇవన్నీ మార్చాడు. మోత మాయం కాలేదు గానీ, పాట మోగుతుంటే వినపడనంతగా తగ్గింది. మిగిలిన ఆ పిసరు మెనూలో మాత్రమే వినిపిస్తోంది. అది 3.3 వోల్టుల పిన్ను పుణ్యం. డబ్బా ఇరుకై వైర్లు మార్చే వీల్లేనివాళ్లు సౌండ్ దారిలో 600 ఓమ్‌ల చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి గ్రౌండ్‌లను విడగొడతారు. పనిచేస్తుంది. దానికీ చోటు కావాలి మరి.

బ్యాటరీ బోర్డు గురించి ఇంకో మాట. లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, సగటున 3.7. దాన్ని 5కు పెంచే బూస్ట్ కన్వర్టర్ తానే ఆన్ ఆఫ్ అవుతూ పనిచేస్తుంది కనుక మోతకు అదీ ఒక పుట్ట. పైగా గేమ్‌లో పేలుడు వచ్చినప్పుడు యాంప్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, వోల్టేజి కుంగుతుంది. పెద్ద పై బోర్డులైతే దాదాపు 4.63 వోల్టుల కిందికి జారగానే తెరమీద మెరుపు గుర్తు చూపిస్తాయి. జీరో బోర్డులకు ఆ కాపలా సర్క్యూట్ లేదు. పేలుడు దగ్గర సౌండ్ విరిగి, మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అయితే, ఆ మెరుపు గుర్తు మీకు చెవిలో వచ్చిందనుకోండి. మల్టీమీటర్ తీసి వాల్యూమ్ పూర్తిగా పెంచి 5 వోల్టుల కాళ్ల దగ్గర కొలవండి.

హెడ్‌ఫోన్ జాక్ పెట్టుకునేవాళ్లు పడే గొయ్యి వేరే ఉంది. పీఏఎం8403 లాంటి చిప్‌లలో స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్లలో ఏదీ గ్రౌండ్ కాదు. రెండూ ఎదురెదురుగా ఊగుతాయి. హెడ్‌ఫోన్ జాక్‌లో ఎడమకూ కుడికీ కలిపి ఒకటే మైనస్. యాంప్ అవుట్‌పుట్‌ను తెచ్చి జాక్‌కు కలిపితే చిప్ తన అవుట్‌పుట్‌లను తానే షార్ట్ చేసుకున్నట్టు. చిప్ మీద వేలు పెడితే చురుక్కుమంటుంది. హెడ్‌ఫోన్‌కు సౌండ్ యాంప్ ముందు నుంచే తీసుకోవాలి, కెపాసిటర్ మీదుగా.

ఇంత తంటా ఎందుకు, ఐటూఎస్ బోర్డు పెట్టుకుంటే సరిపోతుందిగా అనేవాళ్లకు నా సమాధానం: పెట్టుకోండి, మంచిదే. అలాంటి బోర్డుల్లో వాడే మ్యాక్స్98357ఏ చిప్‌కు సౌండ్ అంకెల రూపంలో వెళ్తుంది కాబట్టి ఆ పిన్ను వణుకు ఇక అంటదు. వడకట్టే జంట అక్కర్లేదు. కానీ దానికి 18, 19, 21 నంబరు పిన్నులు కావాలి. కొన్ని చిన్న తెరలు లైటును తగ్గించి పెంచడానికి అదే 18ని వాడుకుంటాయి. రెండూ పెట్టి, వెలుతురు మార్చినప్పుడల్లా సౌండ్ ఎందుకు చస్తోందని తల పట్టుకున్నవాళ్లు లేకపోలేదు. పైగా గ్రౌండ్ గొలుసు అలాగే ఉంటే బోర్డు ఖరీదు పెరుగుతుందే గానీ గొడవ పూర్తిగా తీరదు. బ్లూటూత్ సంగతి నేను ఎత్తను. బటన్ నొక్కాక ఎప్పటికో గెంతు శబ్దం వినిపించే మెషీన్‌తో ఆడడం కన్నా మౌనంగా ఆడుకోవడం మేలు.

వైర్ల జోలికి వెళ్లకుండా తేలిపోయే కేసులూ ఉన్నాయి. సౌండ్ బొత్తిగా లేకపోతే ముందు సౌండ్ సెట్టింగులు చూపే ఆల్సామిక్సర్ తెరిచి, మ్యూట్ అయి ఉందేమో, సౌండ్ ఇంకా హెచ్‌డీఎంఐకే పోతోందేమో చూడాలి. సౌండ్ చిటపటమంటూ తెగుతుంటే ఇంకో పాత గేమ్ పెట్టి చూడాలి. పాత గేమ్‌లో శుభ్రంగా ఉండి, సూపర్ నింటెండో గేమ్‌లోనే తెగుతుంటే అది వైరు తప్పు కాదు, ఒకే కోర్ ఉన్న మొదటి జీరో బోర్డు ఆయాసం. అసలైన గేమ్ బాయ్ సెకనుకు 59.7 ఫ్రేములు చూపేది, సౌండ్ లెక్క కూడా దానికే ముడిపడి ఉంటుంది. ప్రాసెసర్ ఆ వేగం అందుకోలేకపోతే సౌండ్ బఫర్ ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీయే మనకు చిట్ అని వినిపించేది. గేమ్‌ను నడిపే రెట్రోఆర్చ్‌లో ఆడియో లేటెన్సీ పెంచితే చిటపట తగ్గుతుంది, సౌండ్ కాస్త వెనకబడుతుంది. ఏది భరించగలరో మీ ఇష్టం.

స్పీకర్‌కు మిగిలిన మూలన చోటిచ్చే అలవాటు మాత్రం నాకు నచ్చదు. తెర, బ్యాటరీ, బటన్లు అన్నీ సర్దాక ఎక్కడ సందు ఉంటే అక్కడ దాన్ని ఇరికిస్తారు. స్పీకర్ ముందు నుంచి వచ్చే గాలి, వెనకనుంచి వచ్చే గాలి కలిసిపోతే బరువైన స్వరాలన్నీ రద్దయిపోయి రేకుడబ్బా మోతే మిగులుతుంది. దాని చుట్టూ నురుగు టేపు అంటించి, ముందు భాగం డబ్బా రంధ్రాలకు అతుక్కునేలా, వెనక భాగం మూసుకుని ఉండేలా చేస్తే, అదే స్పీకర్, అదే యాంప్, మనిషి మారినట్టు మాట్లాడతాయి. బల్లమీద విడిగా పెట్టి "సౌండ్ చిన్నగా ఉంది" అని పెద్ద యాంప్ కొనేవాళ్లు ఈ పని ముందు చేసి చూడాలి.

ఎంతవరకు వెంటపడాలి అన్నది కూడా చెప్పాలి. 1989లో నింటెండో అమ్మిన గేమ్ బాయ్‌కే సన్నని రొద ఉండేది. దానిమీద సంగీతం కట్టేవాళ్లు ఆ రొద తప్పించుకోవడానికి లోపలి యాంప్ ముందునుంచే వైరు లాగి వేరే జాక్ పెట్టుకుంటారు. ఇంట్లో చేసినదాని నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించడం దురాశ. ఆడేటప్పుడు పట్టుకునే దూరంలో పట్టుకోండి. పాట వస్తున్నప్పుడు మోత వినపడకపోతే స్క్రూలు బిగించేయండి. ఛార్జర్ పెట్టినప్పుడు మాత్రమే మోగుతోందా? ఛార్జర్ తీసి ఆడుకోండి.