తీగల వంతెనకు రంగే రక్ష కాదు

వంతెన విలువను హైదరాబాదులో మూసీ ఒడ్డునున్న గోల్నాకవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువను గట్టి వాన కురిసి జంట జలాశయముల గేట్లు ఎత్తిరనగానే మూసారాంబాగు వంతెనపై రాకపోకలు నిలిచిపోవుటయు, ఎదుట కనబడు ఒడ్డుకే చుట్టుతోవను పోవలసివచ్చుటయు వారి కనుభవమే. అయితే వంతెన కట్టుటయందు మనకున్న ఉత్సాహము, కట్టినదానిని కాపాడుటయందు కానరాదు. విహారార్థము జనులు మూగు వేలాడు వంతెనల విషయమున ఈ ఉపేక్ష ప్రాణాంతకము.

ఇదే మూసీపై ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన పురానాపూల్, 1908 సెప్టెంబరు వరదలో దిగువనున్న అఫ్జల్, ముసల్లంజంగు, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయిన నాడును నిలిచినది. దాని 22 కమానులలో బరువు పడినకొలది రాయి రాతిని ఒత్తి బిగించును. ఏ కొంచెము సడలినను బీట పైకి కనబడి, దారినపోవువానిని సయితము హెచ్చరించును. వేలాడు వంతెన ధర్మము వేరు. ఎత్తైన స్తంభముల మీదుగా సాగి, రెండు గట్లలోను లంగరు వేయబడిన ఉక్కుమోకులే దాని సర్వస్వము. నడకబాటయు, దానిమీది జనుల భారమును ఆ మోకులనుండి దిగిన కడ్డీలకు వ్రేలాడుచుండును. మోకు పురులలోను, బిగింపుల క్రిందను, గట్టులోనికి దిగుచోటను నీరు చేరి త్రుప్పు లోలోపల తినుచుండగా, పైన పూసిన కొత్త రంగు ఆ లోపమును కప్పిపుచ్చును గాని మాన్పదు.

గుజరాతులోని మోర్బీలో మచ్ఛు నదిపై సంస్థానాధీశుల కాలమున వెలసిన వేలాడు వంతెన, మరమ్మతు ముగిసినదని 2022 అక్టోబరు 26న తెరచిన నాలుగు దినములకే తెగి 135 మందిని బలిగొన్నది. దర్యాప్తులో తేలినదేమి? ఒక ప్రధాన మోకులోని 49 తీగలలో 22 అంతకు మునుపే త్రుప్పుపట్టియున్నవి. పాత కడ్డీలకే కొత్తవి అతికించిరి. చెక్కపలకలు తీసి అల్యూమినియం పలకలు పరచిరి. ఎందరెక్కవచ్చునను కట్టడి లేకయే టికెట్లు అమ్మిరి. మార్చినది కంటికి కనబడు భాగము. మార్చవలసినది కనబడని మోకు.

ఋషీకేశమున 1930లో తెరచిన లక్ష్మణ్ ఝూలా గతి ఇట్లు కాలేదు. నిపుణులు అది భారము మోయజాలదని చెప్పగా, యాత్రికులకును వర్తకులకును కష్టమైనను 2019 జూలైలో దానిని మూసివేసిరి. అవసరమైనచో మూసివేయుటయు సంరక్షణలో ఒక భాగమే.

ములుగు జిల్లాలో, కాకతీయులనాటి లక్నవరము చెరువుపై వేలాడు వంతెనకు సెలవుదినములలో మన కుటుంబములు బారులు తీరును. అది పాతబడువరకు ఆగనేల? ఒక్కసారి ఎందరెక్కవచ్చునో, మోకులను కడపట పరీక్షించిన తేది యేదో, సంతకము చేసిన ఇంజనీరెవరో తెలుపు బోర్డు ఇట్టి ప్రతి వంతెన గేటు వద్దను ఉండవలెను. టికెట్టు సొమ్ములో కొంత పాలు ఈ పరీక్షకే విడిగా ఉంచవలెను. పరీక్ష జరుగని యేడు టికెట్టు అమ్మరాదు.