సేవాశునకానికి అంత్యగౌరవం అధర్మమా?

పోలీసు జాగిలం మరణించినప్పుడు దాని కళేబరంపై పుష్పమాల ఉంచి వందనం సమర్పించడాన్ని కొందరు ఆస్తికులు ఆక్షేపిస్తున్నారు. శునకం అశుచి అనీ, ఈ ఆచారం పాశ్చాత్యానుకరణ అనీ వారి వాదం. శాస్త్రం పేరిట సాగే ఈ వాదానికి శాస్త్రంలో గాని, చరిత్రలో గాని ఆధారం లేదు.

మహాప్రస్థానిక పర్వాన్ని స్మరించండి. ద్రౌపదీ, తమ్ములూ మార్గమధ్యంలో నేలకొరగగా ధర్మరాజు వెంట మిగిలినది ఒక శునకమే. రథంతో వచ్చిన ఇంద్రుడు, శునకంతో కూడినవారికి స్వర్గంలో స్థానం లేదన్నాడు. నేటి ఆక్షేపకులు పలుకుతున్నది ఈ ఇంద్రవాక్యాన్నే. ధర్మజుడు దానిని అంగీకరించలేదు. ఆశ్రితుని త్యజించడం బ్రహ్మహత్యతో సమానమన్నాడు. ఆ శునకం మారురూపంలోని ధర్మదేవతే కదా అని కొందరు సమాధానం చెబుతారు. స్వర్గాన్ని నిరాకరించిన క్షణంలో ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన విడువనన్నది తనను నమ్మి నడిచిన శునకాన్నే.

యజ్ఞశాలలోనికి శునకాన్ని రానీయరాదన్నది శౌచవిధి. అది ఆ స్థలానికి చెందిన నియమమే తప్ప కృతజ్ఞతకు నిషేధం కాదు. వైశ్వదేవానంతరం శునకానికీ అన్నభాగం విడువమన్నది కూడా ఆ ధర్మశాస్త్రమే. క్షేత్రపాలకుడైన భైరవునికి వాహనం శునకమే.

ఇక పాశ్చాత్యానుకరణ అన్న మాట. కర్ణాటకలోని మండ్య ప్రాంతపు ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి శిలాశాసనం లభించింది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని కాలమది. మణలేరుడనే వీరుని వేటశునకం 'కాళి' అడవిపందితో పోరాడగా రెండూ మరణించాయి. కాళి స్మృత్యర్థం ఆలయం ఎదుట శిల నిలిపి, భూదానం చేసి, ఆ శిలను పూజింపక భుజించిన అర్చకునికి పాపం సంక్రమిస్తుందని శాసించారు. ఇది ఏ పాశ్చాత్యుని అనుకరణ?

1993 ముంబై పేలుళ్ల వేళ మూడు వేల కిలోలకు మించిన పేలుడు పదార్థాన్ని పసిగట్టిన 'జంజీర్' 2000లో మరణించగా పోలీసులు లాంఛనాలతో సాగనంపారు. 2022 అక్టోబరులో కాశ్మీరులో తూటాలు తగిలి మరణించిన 'జూమ్'కు సైన్యం శ్రద్ధాంజలి ఘటించింది. ఈ రెండూ కాళి శిలకు కొనసాగింపులే.

అయితే మాల వేయడంతో ఋణం తీరదు. సేవకు పనికిరాని సైనికశునకాలను మందుతో చంపించే పద్ధతి మొన్నమొన్నటి వరకు మన దేశంలో ఉండేది. జీవించి ఉండగా త్యజించి, మరణించాక వందనం చేయడం ధర్మజుని మార్గం కాదు. వార్ధక్యపోషణమే ప్రథమ గౌరవం. అంత్యవందనం దాని తరువాతిది.

ఈ ఋణం పోలీసులకూ సైన్యానికీ మాత్రమే పరిమితం కాదు. ఆలంపూర్ మొదలుకొని మన నడిగడ్డ పల్లెలలో గొర్రెల మందను తోడేళ్ల నుండి రాత్రంతా కాచే కుక్క, ముసలిదై మరణిస్తే చెత్తకుప్పకో రహదారి పక్కకో చేరుతున్నది. నవబ్రహ్మాలయాలలో ప్రదక్షిణం చేసి, జోగులాంబకు మ్రొక్కి ఇల్లు చేరే మనకు ఇది తగునా? చేని మూల ఒక గొయ్యి, దానిపై ఒక రాయి, ఒక పిడికెడు అన్నం: ఇంతకు మించి వ్యయం లేదు. బ్రతికినన్నాళ్లు మనల్ని నమ్మి కాచిన ప్రాణికి ఈ మాత్రం చేయనివాడు శౌచం గురించి ఉపన్యసించకుండుట మేలు.