తప్పు చెప్పుకునే చోటు

గత సెమిస్టర్‌లో నేనొక తప్పు చేసి ఎవరికీ చెప్పలేదు. దాని గురించి చెప్పేముందు ఒక విమానం కథ చెప్తాను.

1974 డిసెంబర్ 1, ఆదివారం ఉదయం. టీడబ్ల్యూఏ 514 అనే బోయింగ్ 727 వాషింగ్టన్‌కి వస్తోంది. అక్కడ గాలులు ఎక్కువగా ఉన్నాయని డల్లెస్ ఎయిర్‌పోర్టుకి మళ్లించారు. చుట్టూ మబ్బు, నేల కనపడదు. అలాంటప్పుడు పైలట్ కళ్ళని కాకుండా మీటర్లనీ, చార్టునీ నమ్ముకుని దిగాలి. అదే ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్. మెట్లు దిగినట్టే ఉంటుంది. ఫలానా పాయింట్ దాటేదాకా ఇంత ఎత్తు కంటే కిందకి రాకూడదు, దాటాక ఇంకో మెట్టు.

రన్‌వే ఇంకా చాలా దూరంలో ఉండగానే కంట్రోలర్ అప్రోచ్‌కి క్లియరెన్స్ ఇచ్చాడు. ఎత్తు సంగతి పైలట్లు చూసుకుంటారని ఆయన అనుకున్నాడు. క్లియరెన్స్ ఇచ్చారంటే కింద అడ్డేమీ లేదని పైలట్లు అనుకున్నారు. చార్టులో ఇంకా ఎక్కువ ఎత్తు రాసి ఉందే అని కాక్‌పిట్‌లో అనుమానం కూడా వచ్చింది. కానీ కంట్రోలర్‌ని అడగలేదు, వాళ్ళలో వాళ్ళే సర్దిచెప్పుకుని 1,800 అడుగులకి దిగడం మొదలుపెట్టారు. మధ్యలో వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండ ఉంది. విమానంలో ఉన్న 92 మందీ చనిపోయారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది దీని తర్వాత చదివిన విషయం. అంతకు ఆరు వారాల ముందే, అదే డల్లెస్‌కి వస్తూ, ఒక యునైటెడ్ విమానం సిబ్బంది ఇదే రకంగా పొరబడ్డారు. కొద్దిలో తప్పించుకున్నారు. వాళ్ళు నిజాయితీగా తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లందరినీ హెచ్చరించింది. కానీ ఆ మాట టీడబ్ల్యూఏ పైలట్ల దాకా రాలేదు.

ఆ తర్వాత, 1976లో, ఏఎస్ఆర్ఎస్ అనే పద్ధతి మొదలైంది. చిన్న సెస్నా నడిపే ప్రైవేట్ పైలట్ అయినా సరే, అప్రోచ్‌లో తొందరపడి ఒక మెట్టు ముందే దిగిపోతే, ఇంటికెళ్ళి ఫారం నింపి పంపొచ్చు. అది వెళ్ళేది లైసెన్సులు చూసే ఎఫ్ఏఏకి కాదు, నాసాకి. నాసా పేర్లు తీసేసి, అందరికీ పనికొచ్చే పాఠాలని ప్రచురిస్తుంది. కావాలని చెయ్యని తప్పుని 10 రోజుల్లోపు రాసి పంపితే సాధారణంగా జరిమానా, లైసెన్స్ సస్పెన్షన్ లాంటివి ఉండవు. ఇప్పటికి 10 లక్షలకు పైగా రిపోర్టులు వచ్చాయి.

ఇప్పుడు నా సంగతి. ఫెస్ట్ రిజిస్ట్రేషన్ల డేటాబేస్‌లో వేర్ క్లాజ్ లేకుండా ఒక అప్‌డేట్ క్వెరీ కొట్టాను. అందరి ఈవెంట్ పేరూ ఒకటే అయిపోయింది! గుండె ఆగినంత పనైంది. ముందురోజు బ్యాకప్ ఉండబట్టి రాత్రంతా కూర్చుని సరిచేశాను, నోరు మూసుకున్నాను. రెండు వారాల తర్వాత మా జూనియర్ సరిగ్గా అదే తప్పు చేశాడు. ఈసారి అందరికీ తెలిసింది. గ్రూపులో వాడి మీద మీమ్స్ వేశారు. వాడు టీమ్ వదిలేసి వెళ్ళిపోయాడు. నేను ఆ మీమ్స్ చూస్తూ కూడా ఏమీ అనలేదు.

శిక్ష లేకపోతే బాధ్యత ఎలా వస్తుందని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏఎస్ఆర్ఎస్‌లో కావాలని చేసినవాటికీ, నేరాలకీ, ప్రమాదాలకీ ఆ మినహాయింపు లేదు. పొరపాటుకి మాత్రమే ఉంది. మన దగ్గర పొరపాటు చేసినా, పొగరుతో చేసినా ఒకటే మర్యాద. వైవాలో "తెలీదు సర్" అంటే నవ్వుతారు. ల్యాబ్‌లో అవుట్‌పుట్ రాకపోతే పక్కవాడిది కాపీ కొట్టి రికార్డ్ రాసేస్తాం. అలా తప్పు దాచడం ఫస్టియర్‌లోనే అలవాటైపోతుంది. రేపు మనం రాసే కోడ్ హాస్పిటల్‌లోనో, బ్యాంకులోనో నడుస్తుంది. అప్పుడు కూడా దాచేస్తామా?

అందుకే నేను అడిగేది చిన్నది. మన క్లబ్బులన్నిటికీ కలిపి, పేరు అడగని ఒక గూగుల్ ఫారం పెడదాం. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా సరిచేశారు అని మూడే ప్రశ్నలు. నెలకోసారి అందరికీ పంపుదాం. మొదటి ఎంట్రీ నాదే, అది పేరుతోనే ఇస్తాను. మొన్న జూనియర్ రూమ్‌కి వెళ్ళి మొత్తం చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, అప్పుడే చెప్పుంటే బాగుండేది" అన్నాడు.