పాస్‌పోర్టు లేని రెండు దేశాలు

మా ఆవిడకు నా మోటారు సైకిలు సవతి. ఆదివారం తెల్లవారేసరికి దాన్ని తుడవడం మొదలుపెడితే చాలు, "నలభై అయిదేళ్ళు దాటినా మీకింకా ఈ ఫట్‌ఫటి సరదా తీరలేదా అండీ?" అని అందుకుంటుంది. అంటూనే సద్ది కట్టి సంచిలో పెడుతుంది. కనుక ఆ కోపానికి నేను భయపడను.

నా సరదా సంగతి కళాశాలలో పిల్లలకూ తెలుసు. ఒకనాడు పాలమూరు నుంచి వచ్చి మా నల్లగొండలో చదువుకుంటున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, "సార్, 2018ల హైదరాబాదు నుంచి జయభారతి గారు, ఇంక ముగ్గురు ఆడవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగొచ్చిండ్రు గదా. మీరు ఏ దేశం పోలేదా?" అని అడిగింది.

"ఎందుకు పోలేదమ్మా? ఆదివారమాదివారం పోతూనే వున్నాను. పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు" అన్నాను. తరగతి గొల్లుమన్నది.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మన దగ్గర ఏమున్నది సార్ చూడనీకి? నల్లగొండంటే ఫ్లోరైడు నీళ్ళు. పాలమూరంటే వలస కూలీలు. గంతే" అని కూర్చున్నది. ఆ 'గంతే' నాకు ముల్లులా గుచ్చుకున్నది. ఎవరో పక్కవారు అన్న మాటనే ఆ పిల్ల తన మాటగా చేసుకున్నదనిపించింది.

ఆ ఆదివారం నకిరేకల్లు, సూర్యాపేట మీదుగా బండి తోలుకుంటూ మునగాల దాకా వెళ్ళాను. వూరు ఇంకా కాస్త దూరం వుందనగా వెనక చక్రం గాలి పోయింది. పంక్చరు కొట్టు పక్కన మంచం మీద తొంభై ఏళ్ళ పెద్దాయన ఒకరు కూర్చుని వున్నారు.

"సారూ, గిప్పుడు మీరు ఏ దేశంల నిలవడ్డరో ఎర్కేనా?" అని అడిగాడు. నేను తెల్లబోయాను. "మా పొలం నిజాం ఇలాకల వుండె. మా అక్కనిచ్చిన వూరు ఇంగ్లీషోళ్ళ ఇలాకల వుండె. అన్నం తిని పోతే, కడుపుల అరగక ముందే ఇంకో దేశంల వుంటుంటిమి" అని నవ్వాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మునగాల పరగణా నిజాం రాజ్యం నడుమ ద్వీపంలా వుండి, బ్రిటిషువారి కృష్ణా జిల్లాకు చెందేది. 1959లో గానీ అది నల్లగొండ జిల్లాలో చేరలేదు. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో వుంది. గట్టు దాటితే రూపాయి మారేది. బ్రిటిషు రూపాయలు ఆరయితే, హాలీ సిక్కాలు ఏడు. అటు పిల్లవాడు బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకుంటుంటే, ఇటువైపు పైచదువుకు ఉర్దూ రావలసిందే. ఇటు సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలి.

అయితే అటువైపు అంతా స్వర్గమేనా? మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు తోడ్పడ్డారు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు పంతులు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి ప్రాణం పోశారు. తెలుగు చదువుకు అంత మేలు చేసిన ఆ సంస్థానంలోనే 1930లలో రైతులు జమీందారీ మీద తిరగబడవలసి వచ్చింది. పైనున్న బ్రిటిషు సర్కారేమో 1930లో ఉప్పు తీసినవారిని జైళ్ళలో పెట్టిన సర్కారు.

ఈ మాటే పెద్దాయనతో అంటే తల వూపాడు. "పొరుగింటి పుల్లకూర రుచి అంటరు గద సారూ. నిజమే. కని ఆ కూర తిన్నంకనే మా ఇంట్ల కూరకు ఉప్పు తక్కువున్నదని మాకు ఎర్కైంది!"

ఎమ్మే చదివి, పాతికేళ్ళు పాఠాలు చెప్పి, పోలిక అనే అలంకారానికి ఇంత మంచి ప్రయోజనం నేను ఏనాడూ చెప్పలేదు.

మరుసటి వారం రెండవ శనివారం కలిసివచ్చింది. ఈసారి పాలమూరు దారి పట్టాను. దేవరకొండ దాటుతుంటే, 1931లో బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఆ వూళ్ళోనే జరిగిందని గుర్తుకువచ్చింది. ఇంట్లో ఉప్పు తక్కువయిందని తెలిసినవారు పెట్టుకున్న సభ అన్నమాట. కల్వకుర్తి, జడ్చర్ల దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటి, సాయంత్రానికి పుల్లూరు వద్ద తుంగభద్ర వంతెన మీద బండి ఆపాను. వెనుక అలంపురం సీమ, ముందు కర్నూలు.

1839లో కుంపిణీవారు కర్నూలు నవాబును తొలగించింది మొదలు, ఈ నదికి అటూ ఇటూ రెండు దొరతనాలు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయితే, ఎదుటనున్న అలంపురం ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే వుంది. 1956లో ఆ గీత చెరిగింది. 2014లో మళ్ళీ పడింది. నీళ్ళు మాత్రం ఏ గీతనూ లెక్కచేయలేదు.

ఆ అలంపురం సీమలోనిదే సురవరం ప్రతాపరెడ్డి గారి స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఆయన ఏరు దాటి కర్నూలులో చదువుకున్నారు. మద్రాసు వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు. పొరుగు సీమలో వున్నదేమిటో, తన సీమలో లేనిదేమిటో ఆయనకు బాగా తెలుసు. తిరిగి వచ్చి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులు పూజ్యమని ఎవరో రాస్తే, ఆయన తగవులాటతో సరిపెట్టుకోలేదు. ఇంటింటా వెదికించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. లేదన్నవారికి లెక్క చూపించారు!

పొరుగు దేశం చూసి మనకు లేనిది అడగడం ఒక చదువు. మన ఇంట్లో వున్నదాన్ని లెక్కపెట్టుకోవడం ఇంకొక చదువు. మొదటిది మాత్రమే వచ్చినవాడికి ఏడుపే మిగులుతుంది. రెండవది మాత్రమే వచ్చినవాడు బావిలో కప్ప అవుతాడు.

సోమవారం తరగతిలో ఈ కథంతా చెప్పాను. ఆ అమ్మాయి తలవంచుకుని విన్నది గానీ ఏమీ అనలేదు. పది రోజుల తరువాత నా బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టింది.

"మా నాయనమ్మ పాటలు సార్. తాతతోని బొంబాయి కూలికి పోయినప్పుడు మట్టి మోసుకుంట పాడుకునేదంట. ముప్పయి ఒకటి రాసిన. ఇంక శానా వున్నయంటది."

ఈసారి 'గంతే' అనలేదు.

ఆ రాత్రి మా ఆవిడ, "వచ్చే ఆదివారం ఏ దేశమండీ?" అని వెటకారంగా అడిగింది. నోటుపుస్తకం ఆమె చేతికిచ్చి, "ఈ నాయనమ్మగారి దేశం. వస్తావా?" అన్నాను. రెండు పాటలు చదివి పుస్తకం మూసింది. జవాబు చెప్పలేదు గానీ, ఆదివారం పొద్దున చూస్తే సంచిలో సద్ది ఇద్దరికి సరిపడా వుంది.